బలిపీఠం మీది బొమ్మకు ఏది మేలు: చెక్కా, గుడ్డా, రాయా?

1530లో రోములో ఒక మాట పాకింది. సెబాస్టియానో అనే వెనిస్ చిత్రకారుడు రాతి మీద నూనె రంగులతో బొమ్మ వేసే పద్ధతి కనిపెట్టాడని, ఇక ఆ బొమ్మలు దాదాపు శాశ్వతమని. అంతకు మూడేళ్ల కిందటే సైనికులు ఆ ఊరిని కొల్లగొట్టి పోయారు. అలాంటి ఊళ్లో ‘శాశ్వతం’ అన్న మాటకు ఎంత విలువ ఉండేదో ఊహించుకోవచ్చు.

అప్పటిదాకా ఇటలీ చర్చిల్లో బలిపీఠం వెనక నిలబెట్టే పెద్ద బొమ్మలు చాలావరకు చెక్క మీదివే. పాప్లర్ అనే చెట్టు పలకలు జోడించి, జిగురు కలిపిన సున్నపుపొడి లాంటి పూత పూసి, నునుపుగా రుద్ది, దాని మీద రంగు వేసేవారు. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ వానాకాలంలో మన ఇంటి తలుపులు బిగుసుకుపోతాయి కదా, ఆ పలకల పనీ అంతే. తేమకు ఉబ్బుతాయి, ఎండకు కుంచించుకుపోతాయి. పైనున్న పూత వాటితో పాటు కదలలేదు, అందుకే పగుళ్లు. దీనికి తోడు పురుగు.

సెబాస్టియానో స్వయంగా చెక్క మీద వేసిన ‘లాజరును లేపుట’ (చనిపోయిన లాజరును యేసు బతికించే బైబిలు ఘట్టం) సంగతి చూడండి. 1517–19 మధ్య వేశాడు. 1771కి వచ్చేసరికి దాన్ని చెక్క నుంచి గుడ్డ మీదికి మార్చాల్సి వచ్చింది. ఈ పని ఎలా చేస్తారో చదివితే గుండె ఝల్లుమంటుంది. బొమ్మ ముందువైపు కాగితమో పల్చటి గుడ్డో అంటించి బోర్లా పడుకోబెడతారు. వెనక నుంచి చెక్కను కొద్దికొద్దిగా చెక్కి తీసేస్తారు. చివరికి మిగిలేది పొర లాంటి రంగు మాత్రమే. దాన్ని కొత్త గుడ్డకు అతికిస్తారు. చెయ్యి ఒక్కసారి తప్పిందా, బొమ్మ పోయినట్టే. ఆ బొమ్మ ఈరోజు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

రాయికి ఈ బాధలేవీ లేవు. ఉబ్బదు, పురుగు పట్టదు, కాలదు. అయితే రాళ్లన్నీ ఒకటి కాదు, అసలు తేడా ఇక్కడే ఉంది. సెబాస్టియానో పలకరాయి వాడాడు, పెపెరినో అనే బూడిదరంగు అగ్నిపర్వతపు రాయీ వాడాడు. పలకరాయి అంటే మనకు తెలియనిది కాదు, మార్కాపురం పలక రాయి లాంటిదే. ఇటలీలో దీనికి పేరు పడ్డ ఊరు జెనోవా దగ్గరి లవాన్యా. ఆ ఊరి పేరే ఇటాలియన్‌లో బడి నల్లబల్లకు కూడా పేరైంది. తడిచేత్తో పలక తుడిచిన వాళ్లకు తెలుసు, అది నీళ్లు పీల్చదు. రంగును కూడా అంతే, లోపలికి పోనివ్వదు. పైన అంటుకుని ఉండాలి తప్ప వేరు దిగదు. చల్లటి రాయి కాబట్టి తేమ గాలికి చెమట పడుతుంది. పైగా కింద పడితే ఇక చెప్పేదేముంది, చిన్నప్పుడు ఎన్ని పలకలు పగలగొట్టలేదు! పెపెరినో గరుకు రాయి, రంగుకు పట్టు దొరుకుతుంది.

ఆ పట్టు కోసం సెబాస్టియానో పడ్డ కష్టం చిత్రకారుల జీవితాలు రాసిన వసారీ చెప్పాడు. రెండు రకాల చెట్ల జిగుర్లు పొయ్యి మీద కరిగించి పూసి, నిప్పుల్లో కాల్చిన తాపీతో సాపు చేసేవాడట. ఈ రాతి బొమ్మలకు చెదపురుగు భయం లేదు, నిప్పు భయం లేదు అని జనం మెచ్చుకున్నారట. కానీ వాటిని కదిలించడం మాత్రం మహా కష్టమని కూడా అదే వసారీ రాశాడు.

గుడ్డ సంగతి తొందరగా చెప్పేస్తాను. తేలిక, చవక, చుట్టచుట్టి పంపొచ్చు. కానీ రూబెన్స్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడికి రోములోని శాంత మరియ ఇన్ వాల్లిచెల్లా చర్చిలో ఏమైందో చూడండి. గుడ్డ మీద వేసిన బలిపీఠ చిత్రం మీద వెలుతురు పడి మెరుస్తుంటే బొమ్మే సరిగా కనపడలేదు. 1608లో మళ్లీ మొత్తం పలకరాయి మీద వేశాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మొదటిది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ చేరింది.

దూరం పోవాల్సిన బొమ్మకు నేనైతే రాయి వద్దంటాను. స్పెయిన్‌లోని ఉబెదా కోసం సెబాస్టియానో పలకరాయి మీద ‘పియెటా’ (చనిపోయిన యేసు, తల్లి మరియ ఉన్న బొమ్మ) వేయడానికి 1533 నుంచి 1539 దాకా పట్టింది. అంత బరువు సముద్రం దాటించడమంటే ఎంత టెన్షనో! చెక్కకు దెబ్బ తగిలితే సగమైనా బాగుచేయొచ్చు. పలకరాయి పగిలితే ముఖం మధ్యలోంచే గీత పోవచ్చు.

గోడలో కలిసిపోయే బొమ్మకైతే రాయే, అదీ పెపెరినోనే. రోములోని శాంత మరియ దెల్ పోపొలో చర్చిలో కీజీ కుటుంబం ప్రార్థనామందిరంలో ‘మరియ జననం’ ఉంది. 1530 ప్రాంతంలో సెబాస్టియానో మొదలుపెట్టాడు. 1547లో చనిపోయేనాటికి పూర్తికాలేదు, తర్వాత సాల్వియాతి అనే మరో చిత్రకారుడు పూర్తిచేశాడు. వసారీ తప్పుపట్టిన బరువే దానికి కాపలా అయిందని నా నమ్మకం. లాజరు బొమ్మ మొదట ఫ్రాన్స్‌లోని నార్బోన్ చర్చికి వెళ్లింది, ఇప్పుడు మ్యూజియం గోడ మీద ఉంది. ‘మరియ జననం’ మాత్రం దాదాపు 500 ఏళ్లుగా, ఏ పీఠం కోసం వేశారో ఆ పీఠం మీదే ఉంది. దాని ముందు ఇవాళ్టికీ ప్రార్థన చేసుకోవచ్చు.