షాట్ల లెక్కలు తేల్చే యాప్: మూడు నెలలు వాడిన తరువాత

ఎం.వి.పి. కాలనీలో మా అమ్మాయి ఆడే బాస్కెట్‌బాల్ జట్టుకు స్కోరు రాసే పని నాది. ఇన్నాళ్లూ నోటుబుక్కులో గీతలు గీసిన నేను, మూడు నెలల క్రితం ఆరువందల రూపాయల వార్షిక చందా కట్టి ఈ యాప్ వేసుకున్నాను. తెర మీది కోర్టు బొమ్మలో షాట్ వేసిన చోట తాకి, పడిందో లేదో నొక్కితే చాలు, మూడు పాయింట్ల హద్దైన 6.75 మీటర్ల గీతకు లోపలా, బయటా అన్నది అదే తేల్చుకుంటుంది. అయితే విశాఖపట్నం ఉక్కపోతలో చెమట వేళ్లకు చుక్క ఒక్కోసారి గీతకు ఇటు పడి, మూడు పాయింట్లు కాస్తా రెండవుతాయి.

నా అసలు అభ్యంతరం ముందు తెరతోనే. అక్కడ పెద్ద అంకెల్లో కనిపించేది మామూలు ఫీల్డ్ గోల్ శాతం, అంటే ప్రయత్నించిన షాట్లలో ఎన్ని పడ్డాయన్నది. గత ఆదివారం మా అమ్మాయి 14 షాట్లకు 6 వేసింది. వాటిలో రెండు త్రీ పాయింటర్లు (గీత బయటి నుంచి వేసినవి). ఫౌల్‌కు బదులుగా వచ్చే, ఒక్కో పాయింటు విలువైన ఫ్రీ త్రోలు 6 వేస్తే 5 పడ్డాయి, మొత్తం 19 పాయింట్లు. తన జోడీ 14 షాట్లకు 7 వేసింది, అన్నీ రెండేసి పాయింట్లవే. ముందు తెర చూస్తే మా అమ్మాయిది 42.9, జోడీది 50 శాతం. అది చూసి మా పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. మూడు మెనూలు దాటి వెళితే గానీ, త్రీ పాయింటర్‌ను ఒకటిన్నర బాస్కెట్‌గా లెక్కించే ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతంలో ఇద్దరూ 50తో సమానమనీ, ఫ్రీ త్రోలను కూడా కలుపుకునే ట్రూ షూటింగ్‌లో మా అమ్మాయిది 57.1 అనీ తెలియదు.

ట్రూ షూటింగ్‌కు యాప్ వాడే సూత్రం సరైనదే. షాట్ ప్రయత్నాలకు ఫ్రీ త్రోల సంఖ్యలో 0.44 వంతు కలిపి, దాన్ని రెట్టించి, దానితో పాయింట్లను భాగిస్తుంది. రెండు ఫ్రీ త్రోలకు జట్టు చేతికి బంతి దక్కిన ఒక అవకాశం ఖర్చవుతుంది కదా, 0.44 కాదు, సగం ఉండాలి గదా అనిపించవచ్చు. కానీ బాస్కెట్ పడ్డాక అదనంగా వచ్చేవీ, టెక్నికల్ ఫౌల్‌కు (ప్రవర్తన వంటి తప్పులకు) వచ్చేవీ కొత్త అవకాశాన్ని ఖర్చు చేయవు. పరీక్షకని అమెరికా వృత్తి లీగ్ ఎన్.బి.ఏ. ఆటగాడు స్టెఫెన్ కర్రీ 2015-16 అంకెలు (1598 షాట్లు, 400 ఫ్రీ త్రోలు, 2375 పాయింట్లు) ఎక్కిస్తే 66.9 శాతం సరిగ్గా వచ్చింది. ఎన్.బి.ఏ. ఆటల సగటైన ఆ 0.44 మన పిల్లల ఆటలకు అలాగే అతుకుతుందని నేననుకోను. దాన్ని మార్చుకునే వీలు యాప్‌లో లేదు.

ఇంకో లోపం క్షమించరానిది. షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగి బంతి పడకపోతే అది షాట్ ప్రయత్నం కిందకు రాదు, యాప్ మాత్రం మిస్‌గా రాసుకుంటుంది. రెండుసార్లు ఫిర్యాదు పంపినా జవాబు లేదు. ప్రస్తుతానికి అలాంటి షాట్లను నమోదు చేయకుండా ఫ్రీ త్రోలు మాత్రమే ఎక్కిస్తున్నాను. యాప్‌కు నేనిచ్చే రేటింగ్ అయిదుకు మూడు చుక్కలు.