మైదాన్‌కి టికెట్లు బుక్ చేసేముందు షో టైమింగ్స్ లెక్క చూసుకోండి

ఇంటికొచ్చి గంట కూడా కాలేదు. కోపం తగ్గేలోపే రాసేస్తున్నాను. హాలు పేరు రాయను. మన ఏరియాలో సినిమాలు చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఈమధ్యే సీట్లు మార్చి రేట్లు పెంచినది. ఆదివారం 2:30 షో. టికెట్ 250 చొప్పున నలుగురికి, పైన కన్వీనియన్స్ ఫీజు.

మా నాన్నకి ఎనభై ఏళ్లు. థియేటర్‌లో అడుగుపెట్టి పదేళ్లు దాటింది. మన దేశ ఫుట్‌బాల్ టీమ్ కోచ్ రహీం సాబ్ మీద ఈ మైదాన్ సినిమా వచ్చిందనగానే తనే అడిగారు, తీసుకెళ్లరా అని. చిన్నప్పుడు తాతయ్య సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని ఫతే మైదాన్‌కి వెళ్లి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ ఆటలు చూసిన మనిషి ఆయన. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టిన టీమ్ అది. దాని కోచ్ కూడా ఈ సయ్యద్ అబ్దుల్ రహీమే.

సినిమాలో లోపాలు లేకపోలేదు. ఫస్టాఫ్ బాగా సాగదీశారు. ఫుట్‌బాల్ ఫెడరేషన్ మీటింగుల్లో అదే గొడవ మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ జర్నలిస్టు పాత్రని మరీ పగబట్టిన విలన్‌లా రాశారు, నిజం మనిషిలా అనిపించడు. నాన్న ఎదురుచూసిన పోలీస్ టీమ్ రోజులకి మూడు గంటల్లో చోటు దొరకలేదు, అది నాకూ బాధేసింది. కానీ ఆట తీసిన తీరుకి మాత్రం దణ్ణం పెట్టాలి. కెమెరా గ్యాలరీలో ఉండదు, ఆటగాళ్లతోపాటు గడ్డి మీద పరిగెడుతుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన టీమ్ యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన మ్యాచ్ వస్తున్నప్పుడు, బూట్లు లేని ఆ పాదాలు చూసి నాన్న తన కాళ్లు వెనక్కి లాక్కున్నారు. రహీం సాబ్‌గా వేసిన అజయ్ దేవగన్ కూడా ఎక్కడా గొంతు పెంచకుండా, సిగరెట్ పట్టుకున్న ఆ చేత్తోనే సగం కథ చెప్పేశాడు.

ఇక జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్. 1962 సెప్టెంబర్ 4. లీగ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియాతోనే ఫైనల్. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తోంది. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దించారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1. ఫస్టాఫ్‌లో విసుక్కున్నదంతా అక్కడే మర్చిపోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నారు, ఆ పట్టు ఇంకా తెలుస్తోంది.

చివరి విజిల్ పడింది. పడీపడగానే లైట్లన్నీ వేసేశారు. సౌండ్ తగ్గించేశారు. తెర మీద బొమ్మ ఇంకా కదులుతూనే ఉంది, ఆ వెలుతురులో తెల్లగా పాలిపోయి ఏమీ కనబడలేదు. పక్క తలుపు తెరిచి చీపుళ్లతో ఇద్దరు లోపలికొచ్చేశారు. నాన్న కళ్లలో నీళ్లు తుడుచుకోలేదు కూడా, చీపురు ఆయన చెప్పులకి తగిలింది. నేను లేచి ఒక్క ఐదు నిమిషాలు ఆగండి, సినిమా అవ్వలేదు అన్నాను. టార్చ్ లైట్ పట్టుకున్న కుర్రాడు, "గెలిచారు కదా సార్, ఇంకేముంది చూడ్డానికి? లేవండి, ఆరింటి షో ఉంది" అన్నాడు. నాన్నవైపు తిరిగి, "పెద్దాయనా, కాస్త త్వరగా" అన్నాడు. ఆ ఒక్క మాట నేను మర్చిపోలేను. మోకాళ్లు సహకరించక ముందు సీటు పట్టుకుని లేస్తున్న మనిషిని అలా తరుముతారా? మేనేజర్ దగ్గరికి వెళ్తే, షో పూర్తయినట్టే సార్, రిఫండ్ రాదు అని ఫోన్ చూసుకుంటూ చెప్పాడు. నా మొహం వైపు కూడా చూడలేదు.

తెర మీద చివర్లో ఏం వేశారో మేం చూడలేకపోయాం. ఆ గెలుపు తర్వాత ఏడాది కూడా గడవకముందే, 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆటోలో నాన్న అడిగింది కూడా అదే, ఆయన పోయినట్టు చూపించారా అని. నాకు జవాబు లేదు.

తప్పు నాది కూడా ఉంది. యాప్‌లో 2:30, తర్వాత షో 6:00 అని కళ్ల ముందే ఉంది. సినిమా మూడు గంటలకి పైనే, యాడ్స్, ఇంటర్వెల్ కలిపితే మూడున్నర గంటలు ఎలా సరిపోతాయి? కూడిక వేసుకోలేదు. నాన్నని అంత ఆశపెట్టి తీసుకెళ్లినవాణ్ణి, ఈ పాటి చూసుకోవాల్సింది.

కాబట్టి రెండు షోల మధ్య కనీసం మూడు గంటల నలభై ఐదు నిమిషాలు లేకపోతే ఆ షో బుక్ చేయకండి. రాత్రి చివరి షో అయితే తర్వాత తరిమే అవసరం వాళ్లకి ఉండదు. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే తలుపుకి దగ్గర సీట్లు తీసుకోండి. ఇలాగే లైట్లు వేస్తే వెంటనే వీడియో తీసి, టికెట్ దాచుకోండి. నా దగ్గర వీడియో లేదు, టికెట్లు మాత్రం ఉన్నాయి. రేపు పొద్దున్నే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కాల్ చేస్తున్నాను.