పాత గారండ్ కొయ్యకు ఏది మేలు: గీకడమా, కరిగించడమా? చమురా, వార్నిషా?

అమెరికాలో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ పాత సైనిక రైఫిళ్లను అర్హులైన పౌరులకు అమ్ముతుంది. అక్కడ కొన్న ఎం1 గారండ్ అనే రైఫిల్‌ను ఇంటికి తెచ్చి చూస్తే, స్టాక్ అని పిలిచే దాని కొయ్యభాగం ఏళ్ల తరబడి పట్టిన జిడ్డుతో, చేతి చెమటతో నల్లబడి ఉండవచ్చు. దాన్ని శుభ్రం చేసి కొత్త పూత వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. రైఫిల్‌లో తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకొని, ఇనుప భాగాలన్నీ విప్పి పక్కన పెట్టిన తరువాత మొదటి సందేహం ఎదురవుతుంది: పాత పూతను ఉప్పు కాగితంతో గీకాలా, లేక రసాయనంతో కరిగించాలా?

సైనిక రైఫిల్ విషయంలో ఉప్పు కాగితం వద్దనే నా అభిప్రాయం. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల తనిఖీ అధికారుల ముద్రలు, పేల్చి పరీక్షించారని తెలిపేందుకు పిడి దగ్గర వలయంలో వేసే ‘పి’ అక్షరం కొయ్యపై లోతు తక్కువగానే ఉంటాయి. నాలుగుసార్లు రుద్దితే అవి చెరిగిపోతాయి, వాటితోపాటు సేకర్తల దృష్టిలో రైఫిల్ విలువా పడిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం అమరికకు కలుగుతుంది. గారండ్‌లో ట్రిగ్గర్ గార్డును, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కమ్మీని, బిగించినప్పుడు అది కొయ్యను నొక్కి పట్టుకోవడం వల్లనే ఇనుప భాగం కదలకుండా నిలుస్తుంది కాబట్టి, ఆ నొక్కుడు పడే చోట కొయ్య అరిగితే పట్టు సడలి గురి చెదురుతుంది. ఇనుము అంచు కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండవలసిన కొయ్య దిగువకు పోతే తిరిగి పెంచే ఉపాయం లేదు.

రసాయనంలోనూ తేడాలున్నాయి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్లు వేగంగా పనిచేసేవి, కానీ వాటి ఆవిరికి మనుషులు చనిపోయిన సందర్భాలు ఉండడంతో 2019లో అమెరికా పర్యావరణ సంస్థ వాటిని సామాన్య వినియోగదారులకు అమ్మడాన్ని నిషేధించింది. కొందరు ఓవెన్ క్లీనర్ చల్లుతారు. అందులోని క్షారం జిడ్డును క్షణాల్లో లాగేస్తుంది గాని అక్రోటు కలప రంగును మార్చి, నారలను లేపి, సరిగ్గా కడగకపోతే లోపలే మిగిలిపోతుంది. నిదానమైనా, పాత పూతను కరిగించే నారింజ వాసన గల సిట్రస్ జెల్లే మేలు. దాన్ని మందంగా పూసి, ఆరకుండా ప్లాస్టిక్ పొరతో చుట్టి, రాత్రంతా వదిలి, పొద్దున్నే ప్లాస్టిక్ గరిటెతో తీస్తే ముద్రలు చెక్కుచెదరవు. సొట్టలపై తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి చాలావరకు పైకి లేస్తాయి. నారలు తెగిన చోట మాత్రం లేవవు.

ఇక పూత సంగతి. మన ఇళ్లలో టేకు కుర్చీలకు వేసే లక్క పాలిష్ ఇక్కడ పనికిరాదు: నీరు తగిలితే తెల్లబడుతుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ వారు మొదట అవిసె నూనెను, తరువాత టంగ్ చెట్టు గింజల నుంచి తీసే టంగ్ నూనెను కూడా వాడారు. రెండూ గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొని గట్టిపడే చమురులే. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. లోహ లవణాలు కలిపిన ‘బాయిల్డ్’ రకం ఒక రోజుకు ఆరుతుంది, పేరుకు తగ్గట్టు దాన్ని కాచింది లేకపోయినా. అయితే అది కాలక్రమేణా నల్లబడుతుంది, నీటిని అంతగా ఆపదు. టంగ్ నూనె నీటిని బాగా నిలువరిస్తుంది, రంగును తక్కువ మారుస్తుంది, కానీ ఒక్కో పూతకు రెండు మూడు రోజుల ఓపిక కావాలి. ‘టంగ్ ఆయిల్ ఫినిష్’ అని రాసిన డబ్బాల్లో చాలావరకు పలుచని వార్నిషే ఉంటుంది, అందుకే ‘శుద్ధ’ అన్న మాట చూసి కొనాలి.

పాలీయురేథేన్ అనే వార్నిష్ ఈ రెండు నూనెలకూ భిన్నం. కలప లోపలికి ఇంకకుండా పైన గట్టి పొరగా నిలుస్తుంది, వానకు తట్టుకుంటుంది, మూడు నాలుగు పూతలతో పని అయిపోతుంది. ఇబ్బంది గీత పడినప్పుడు తెలుస్తుంది: చమురు పూతకు ఆ చోట నాలుగు చుక్కలు రుద్దితే చాలు, ఇక్కడ మొత్తం పొరను మళ్లీ ఒలిచి మొదటికి రావాలి. అందుకే వానలో, మంచులో వేటకు తీసుకువెళ్లే రైఫిల్‌కు నేను పాలీయురేథేన్‌నే ఎంచుకుంటాను, గారండ్‌కు మాత్రం టంగ్ నూనె.

ఏ పూతైనా భుజానికి ఆనే చివర ఉండే ఇనుప రేకు, అంటే బట్ ప్లేటు కింద, లోపలి గాడుల్లో కూడా వేయాలి, ఎందుకంటే నారల కొసలు కనబడే ఆ చోట్ల నుంచే తేమ ఎక్కువగా ఎక్కుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి మంటలు అంటుకోగలవు కాబట్టి, వాటిని ఆరుబయట విడదీసి పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాలి.