గాజు అంచులకు డైమండ్ బెల్టు: నికెల్‌దా, రెజిన్‌దా?

మా షాపులో టేబుల్ టాపులు, షెల్ఫ్ గ్లాసుల అంచులన్నీ నీళ్ల బెల్ట్ మెషీన్ మీదే తీస్తాం. మొదట్నుంచీ ఉన్నవి సిలికాన్ కార్బైడ్ అనే గరుకు పొడి అంటించిన బెల్టులు. కొన్నేళ్లుగా వాటి పక్కనే రెండు రకాల డైమండ్ బెల్టులూ నడుస్తున్నాయి. కొనబోయేవాళ్లు ముందు ధర అడుగుతారు. నేనైతే, వజ్రపు రేణువుల్ని గుడ్డకు పట్టి ఉంచేది నికెల్ లోహమా, రెజిన్ అనే గట్టిపడే జిగురా అన్నది ముందు చూడమంటాను. పనితనంలో తేడా అంతా అక్కడే వస్తుంది.

నికెల్ బెల్టులో గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా నికెల్ పూత, అందులో ఒకే పొరగా వజ్రపు రేణువులు ఉంటాయి. కొత్తలో మహా దూకుడు. 12 ఎంఎం గ్లాస్ కోశాక అంచులో మిగిలే మెట్టును 120 గ్రిట్ (గరుకుదనం అంకె, పెరిగేకొద్దీ నునుపు) నికెల్ బెల్టు ఇట్టే తినేస్తుంది. అయితే కొత్త బెల్టు గీతలు లోతుగా వేస్తుంది, మూలల దగ్గర పెచ్చులు లేపుతుంది. కాస్త నలిగాక కుదుటపడి చాలాకాలం ఒకే తీరుగా కోస్తుంది. పొర అరిగిందంటే మాత్రం దాని పని అయిపోయినట్టే, కింద ఇంకో పొర ఉండదు. రఫ్ పనికి నా ఓటు దీనికే.

రెజిన్ బెల్టు పద్ధతి వేరు. రెజిన్ అరిగేకొద్దీ లోపలి రేణువులు పైకి తేలతాయి. కోత నెమ్మది, అంచు మాత్రం పట్టులా వస్తుంది. వేడికి తట్టుకోదు. నీళ్లు తగ్గినా, పనివాడు తొందరపడి గట్టిగా నొక్కినా మాడు వాసన వస్తుంది, బెల్టు నున్నబడి జారిపోతుంది. అప్పుడు డ్రెస్సింగ్ స్టిక్‌ను (బెల్టు ముఖాన్ని మళ్లీ గరుకు చేసే రాతికడ్డీని) తడిపి, తిరుగుతున్న బెల్టుకు తేలిగ్గా తాకిస్తే మళ్లీ కోతకు వస్తుంది. పైపు నీళ్లు పడుతున్నా సరే, బెల్టుకు ఒక స్పాంజి ఆనించి ఉంచండి. వెడల్పంతా సమంగా తడుస్తుంది. నీళ్లు ఆపి ఆరబెట్టి రుద్దడం మాత్రం ఏ బెల్టుతోనూ వద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఏ బెల్టయినా గ్రిట్ మార్చేముందు అంచును తుడిచి ఆరబెట్టి చూడాల్సిందే. తడిగా ఉన్నప్పుడు గీతలన్నీ దాక్కుంటాయి. ఆరాక ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుంటే 120 గీత ఒక్కటి మిగిలినా తెల్లగా కనబడుతుంది. దాన్ని 400 రెజిన్‌తో పోగొట్టాలంటే గంట కూర్చోవాలి, వెనక్కెళ్లి 200 వేస్తే నిమిషాల్లో పోతుంది. మేం అంచంతా మార్కర్‌తో రంగు పూసి, అది పూర్తిగా పోయేదాకా ఒక గ్రిట్ నడిపిస్తాం. గ్రిట్ మారినప్పుడు ట్రే కూడా కడగాలి, ముతక రేణువు ఒక్కటి మిగిలినా చేసిన పనంతా మొదటికొస్తుంది.

కొన్ని బెల్టుల మీద గ్రిట్ బదులు మైక్రాన్లు, అంటే రేణువు సైజు, రాస్తారు. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ నునుపు. 74 అంటే దాదాపు 200 గ్రిట్, 40 అంటే 400 అని గుర్తుంచుకుంటే చాలు. ఎంత సన్నని రెజిన్ బెల్టయినా చివరి మెరుపు మాత్రం తేదు. దానికి కార్క్ బెల్టూ, సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడీ కావాల్సిందే.

ఈ బెల్టుల మీద ఉలి, చాకు లాంటి ఇనుప వస్తువులు పెట్టనివ్వకండి. వేడిలో వజ్రంలోని కార్బన్‌ను ఇనుము లాగేసుకుంటుంది. టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన గాజు) అంచు కూడా ముట్టుకోవద్దు, ముక్కలైపోతుంది. టఫెనింగ్‌కు పంపేముందే అంచు పని పూర్తవ్వాలి.

4, 5 ఎంఎం మామూలు షెల్ఫులే మీ పనైతే డైమండ్ అవసరం లేదు, సిలికాన్ కార్బైడ్ చాలు. మందం గ్లాసు రోజూ వచ్చే షాపుకైతే నికెల్‌లో 120, రెజిన్‌లో 200, 400 తీసుకోమంటాను. కొనేటప్పుడు అతుకు మీద వేలు నడిపించి చూడండి. ఒక దుకాణంలో కొన్న బెల్టుకు అతుకు ఉబ్బుగా ఉండి, తిరిగిన ప్రతిసారీ టక్‌మని గ్లాసును కొట్టేది, అంచంతా అలలు పడ్డాయి. డైమండ్ మంచిదే, కానీ అతుకు సరిగా లేకపోతే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే.