రెండో మనిషి తెరవగానే నెమ్మదించే యాక్సెస్: ఏళ్ల వాడకం తర్వాత

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేసును ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టుకుని పనిచేసే ఆఫీసుల్లో ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది. పొద్దున్నే మొదట వచ్చినవాళ్లకి ఇన్వాయిస్ ఫారం చిటికెలో తెరుచుకుంటుంది. రెండో మనిషి లాగిన్ అయ్యాడో లేదో అదే ఫారం నీరసించిపోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు, పైపు ఫిట్టింగుల హోల్‌సేల్ లెక్కలకు దీన్ని ఏళ్ల తరబడి వాడుతున్నాం కాబట్టి ఈ ఒక్క సంగతి గురించే వివరంగా రాస్తున్నాను. ఫారాలు ఎంత సులువుగా తయారవుతాయి, రిపోర్టులు ఎంత బాగా వస్తాయి అన్నవి అందరికీ తెలిసినవే.

నాకు కోపం తెప్పించేది నెమ్మది కాదు. దాన్ని చాలావరకు పోగొట్టే సర్దుబాటు చాలా చిన్నది, కానీ ఆ సంగతి ఏ సెట్టింగులోనూ కనిపించదు. తెలియనివాళ్లు ర్యామ్ పెంచుతారు, కంప్యూటర్లు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి కొత్త సర్వరు కొనుక్కొస్తారు. దాంతో తేడా ఏమీ రాదు.

ఎందుకు రాదో చెప్తాను. యాక్సెస్‌లో సర్వరు చేసేది ఫైలు దాచిపెట్టడం ఒక్కటే. వెతకడం, కూడటం, వరసలో పెట్టడం అన్నీ ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకే జరుగుతాయి. అందుకు కావలసిన డేటా 4 కేబీ పేజీలుగా కేబుల్ మీద వస్తుంది. ఫైలును ఒక్కరే తెరిచి ఉంటే విండోస్ ఆ పేజీలను ఆ కంప్యూటర్‌లోనే దాచుకోనిస్తుంది, అందుకే మొదటి మనిషికి అంత వేగం. రెండో కంప్యూటర్ అదే ఫైలు తెరవగానే ఆ వెసులుబాటు పోతుంది, పోవాలి కూడా, లేకపోతే ఒకరు రాసింది ఇంకొకరికి కనపడదు. అంతవరకు న్యాయమే. అసలు దెబ్బ ఆ తర్వాతిది. ఫారం తెరిచిన ప్రతిసారీ ఫ్రంట్ ఎండ్ (ఫారాలు, రిపోర్టులు ఉండే ఫైలు) వెళ్లి, సర్వరులో టేబుళ్లు ఉండే బ్యాక్ ఎండ్ ఫైలును కొత్తగా తెరుస్తుంది, దాని పక్కనే ఉండే లాక్ ఫైలులో తన పేరు నమోదు చేసుకుంటుంది, ఫారం మూయగానే అన్నీ వదిలేస్తుంది. తర్వాతి ఫారానికి మళ్లీ మొదటినుంచి ఇదే తంతు. పార్టీ కాంబో (ఎంచుకునే జాబితా), ఐటం కాంబో, సబ్‌ఫారం (ఫారం లోపలి ఫారం), స్టాకు చూపించే డీలుకప్ ఫంక్షన్ అన్నీ ఒకే తెర మీద ఉన్న ఇన్వాయిస్‌కి ఈ రాకపోకలే ఎక్కువ భారం.

మీ దగ్గర జబ్బు ఇదో కాదో తేల్చుకోవడానికి మూడు పరీక్షలు చాలు. అందరూ వెళ్లిపోయాక బ్యాక్ ఎండ్ కాపీని మీ సొంత డిస్కులో పెట్టి, లింక్డ్ టేబుల్ మేనేజర్‌తో ఫ్రంట్ ఎండ్‌ను దానికి కలిపి అదే ఫారం తెరవండి. అక్కడా నెమ్మదిగానే ఉంటే తప్పు క్వెరీల్లోనో (డేటాను అడిగే ప్రశ్నలు), ఇండెక్సుల్లోనో (త్వరగా వెతకడానికి వేసే సూచికలు) ఉంది, నెట్‌వర్క్‌ని తిట్టుకోవలసిన పని లేదు. సొంత డిస్కు మీద బాగుంటే మళ్లీ సర్వరులోని ఫైలుకు కలిపి ఒక్కరే తెరిచి చూడండి. ఇక్కడ నెమ్మదిస్తే కేబుల్, నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె), యాంటీవైరస్ చూడాలి. ఒక్కరికి బాగుండి, ఇంకో కంప్యూటర్‌లో తెరవగానే పడిపోతే నేను పైన చెప్పిన జబ్బే.

మందు ఏమిటంటే, ఫ్రంట్ ఎండ్ తెరిచి ఉన్నంతసేపూ బ్యాక్ ఎండ్‌తో ఒక కనెక్షన్‌ను పట్టి ఉంచడం. బ్యాక్ ఎండ్‌లో ఒకే వరస ఉన్న చిన్న టేబుల్ చేయండి. ఫ్రంట్ ఎండ్‌లో దానికి ఒక ఫారం కట్టి, డేటాబేసు తెరవగానే నడిచే ఆటోఎగ్జెక్ మాక్రోలో అన్నింటికంటే ముందు ఆ ఫారాన్ని హిడెన్‌గా తెరవండి. ఇక దాన్ని ఎక్కడా మూయకూడదు. కోడు అలవాటున్నవాళ్లు డీఏఓ ఓపెన్‌డేటాబేస్‌తో తెరిచి, మాడ్యూల్ స్థాయి వేరియబుల్‌లో పట్టి ఉంచినా ఫలితం అదే. బ్యాక్ ఎండ్ ఫైళ్లు రెండుంటే కనెక్షన్లు కూడా రెండు కావాలి. చాలామంది ఒకదానికి పెట్టి రెండోదాన్ని వదిలేస్తారు.

కుదిరిందో లేదో కంటితో చూడొచ్చు. సర్వరులో బ్యాక్ ఎండ్ ఉన్న ఫోల్డరు తెరిచి, ఎల్ఏసీసీడీబీ అనే చివర ఉన్న లాక్ ఫైలును గమనిస్తూ ఉండండి. ఒక్కరే లాగిన్ అయి ఫారాలు తెరుస్తూ మూస్తూ ఉంటే, ఇదివరకు ఆ ఫైలు కనపడుతూ మాయమవుతూ ఉండేది. ఇప్పుడు ఫ్రంట్ ఎండ్ మూసేదాకా కదలకుండా ఉండాలి. అందరూ వెళ్లిపోయాక కూడా ఉండిపోతే రెండు కారణాలు. ఎవరిదో కంప్యూటర్ ఇంకా తెరిచే ఉండి ఉంటుంది, లేదా ఆ ఫోల్డరులో ఫైళ్లు తీసేసే హక్కు వాళ్లకి ఇచ్చి ఉండరు. ఉమ్మడి ఫోల్డరులో అందరికీ మోడిఫై హక్కు ఉండాలి. రీడ్, రైట్ ఒక్కటే సరిపోదు.

ఇది చేశాక ఫారాలు తెరుచుకునే తీరు చూస్తే ప్రాణం లేచొస్తుంది. అయితే దీనికీ ఒక ఖరీదు ఉంది. కనెక్షన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి మధ్యలో తెగితే యాక్సెస్ కోలుకోదు. నెట్‌వర్క్ తెగింది, డేటాబేసు మూసి మళ్లీ తెరవండి అనే సందేశం వస్తుంది, సగం కొట్టిన బిల్లు పోతుంది. భోజనానికి వెళ్లినప్పుడు కంప్యూటర్ స్లీప్‌లోకి పోయినా ఇదే జరుగుతుంది. పవర్ సెట్టింగులలో స్లీప్ ఆపేసి, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌కి విద్యుత్ ఆదా కోసం ఆపేసే టిక్కు తీసేయాలి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లకి యూపీఎస్ ఉండి స్విచ్‌కి లేకపోతే ఏ లాభమూ లేదు. ఫైలు పాడయ్యేది సరిగ్గా అప్పుడే. స్విచ్‌ని యూపీఎస్ మీదికి మార్చడం అన్నింటికంటే ముందు చేయవలసిన పని. లాప్‌టాప్ వైఫై మీద బ్యాక్ ఎండ్‌ను అసలు తెరవనివ్వకండి.

ఇంకో మాట, కనెక్షన్ పట్టి ఉంచితే తగ్గేది ఫారం తెరుచుకునే ఆలస్యమే. వెతుకులాట నెమ్మదిగా ఉంటే దాని లెక్క వేరు, అది మన ఊరి వ్యాపారాల్లో మరీ బాధ పెడుతుంది. పార్టీ పేరు మీద ఇండెక్స్ వేశాం కదా అనుకుంటాం. కానీ జాబితా తెరిచి చూస్తే శ్రీ వెంకటేశ్వర, శ్రీ లక్ష్మి, శ్రీ సాయి అంటూ కొట్ల పేర్లు వరసపెట్టి శ్రీతోనే మొదలవుతాయి. ఇంగ్లీషులో రాసిన చోట ఆ శ్రీకి మూడు నాలుగు రకాల స్పెల్లింగులు. కౌంటర్‌లో మనిషి కొట్టేది 'వెంకట' అనే. అందుకని ఎవరో లైక్‌తో వెతికే మాటకి ముందు కూడా నక్షత్రం (*, అక్కడ ఏ అక్షరాలైనా ఉండొచ్చని అర్థం) పెట్టేస్తారు. ముందు నక్షత్రం ఉంటే పేరులో వెతికేటప్పుడు మొదటి అక్షరాలతో వెళ్లే దారి ఉండదు. మొదటినుంచి చివరిదాకా అన్నీ చదవాల్సిందే, ఆ చదువంతా కేబుల్ మీదుగానే. దీనికి పరిష్కారం వెతుకు పేరు అని ఇంకో ఫీల్డు పెట్టడం. అందులో శ్రీ, మెస్సర్స్ లాంటివి తీసేసి, అసలు పేరును ఒకే స్పెల్లింగులో దాచి, దాని మీద ఇండెక్స్ వేయాలి. అప్పుడు నక్షత్రం చివర ఒక్కటే సరిపోతుంది. ఫోన్ నంబరు చివరి 4 అంకెలతో వెతికే అలవాటుంటే వాటికీ ఇలాగే వేరే ఫీల్డు. జీఎస్టీ నంబరును మాత్రం పూర్తి 15 అక్షరాలతో వెతకండి, ఎందుకంటే తెలంగాణ పార్టీలన్నింటికీ మొదటి రెండు అంకెలు 36 కాబట్టి మొదటి ముక్కతో వడపోత జరగదు.

తేదీల దగ్గరా ఇదే చిక్కు. ఇయర్ ఫంక్షన్ బిల్లు తేదీకి తగిలించి 2024తో పోల్చితే ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి, 2025 ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాస్తే ఆ ఆర్థిక సంవత్సరం పేజీలు మాత్రమే వస్తాయి. జీఎస్‌టీఆర్ 1 (అమ్మకాల రిటర్ను) నెలనెలా వేసేవాళ్లకి గడువు 11వ తేదీ. దాని ముందు రోజుల్లో అందరూ ఒకేసారి రిపోర్టులు తీస్తారు కాబట్టి ఈ తేడా అప్పుడు బాగా తెలుస్తుంది.

మిగతావి చిన్న పనులు. బ్యాక్ ఎండ్‌లో ప్రతి టేబులుకీ సబ్‌డేటాషీట్ నేమ్ ఆటో అని ఉంటుంది, నన్ చేయండి. నేమ్ ఆటోకరెక్ట్ ఆపేయండి. ఫ్రంట్ ఎండ్ ఎవరి డిస్కులో వాళ్లకి వేరే కాపీ ఉండాలి. అందరూ ఒకే ఫ్రంట్ ఎండ్ తెరిస్తే అది పాడైపోవడానికి ఎంతో కాలం పట్టదు. కంపాక్ట్ అండ్ రిపేర్ బ్యాకప్ తీసుకున్నాకే, సర్వరు కంప్యూటర్ దగ్గర కూర్చునే చేయాలి, నెట్‌వర్క్ మీదుగా చేయకూడదు. టాస్క్ మేనేజర్‌లోనో అడాప్టర్ స్టేటస్‌లోనో లింకు వేగం 1 జీబీపీఎస్ బదులు 100 ఎంబీపీఎస్ చూపిస్తే ముందు కేబుల్ చివర క్రింపింగ్ అనుమానించండి. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలే చాలు. మిగతా రెండు జతల్లో ఒకటి సరిగా అంటకపోయినా కనెక్షన్ పోదు, తక్కువ వేగంతో నడిచిపోతుంది, అందుకే ఎవరి కంటా పడదు.

ఇక కొనాలా వద్దా అంటే నా సమాధానం మా పరిస్థితికి సంబంధించింది. ఒకే అంతస్తు, కేబుల్ మీద నడిచే ఆరేడు కంప్యూటర్లు, బిల్లుల ఫోటోలు డేటాబేసులో కాకుండా ఫోల్డరులో దాచి వాటి దారిని మాత్రమే టేబుల్‌లో రాసే అలవాటు ఉంటే, యాక్సెస్ ఫైలుకు ఉండే 2 జీబీ పరిమితి ఇంకా దూరంగానే ఉంటే, పైన చెప్పినవి చేసుకుని నిశ్చింతగా నడపొచ్చు. బాలానగర్ గోడౌన్ నుంచి ఇంటర్నెట్ మీదుగా అదే బ్యాక్ ఎండ్ తెరవాలనుకుంటే మాత్రం వద్దనే చెప్తాను. అక్కడివాళ్లకి రిమోట్ డెస్క్‌టాప్ ఇవ్వండి, లేదా డేటాను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కి మార్చండి. 2022 ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేసుకు 10 జీబీ వరకు ఉచితం, ఫారాలు ఇవే ఉంటాయి. కాకపోతే క్వెరీలు అలాగే వదిలేసి డేటా ఒక్కటే మారిస్తే కొన్ని ఇంకా నెమ్మదిస్తాయి. పెద్ద రిపోర్టులను సర్వరులోనే నడిచే వ్యూలుగా, పాస్‌త్రూ క్వెరీలుగా తిరగరాసే ఓపిక ఉన్నవాళ్లే అటు వెళ్లాలి. 2016, 2019 వెర్షన్లకు 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు కొత్త వెర్షనే తీసుకోవాలి. ఫారాలు తయారుచేసే ఒకరిద్దరికి పూర్తి లైసెన్సు ఉంటే చాలు, బిల్లులు కొట్టే మిగతా కంప్యూటర్లలో ఉచితంగా దొరికే రన్‌టైమ్ (ఫారాలను నడపడానికే పనికొచ్చేది, మార్చడానికి కాదు) పెట్టుకోండి.