అనంతపురం కాలనీ పార్కు: ఓపెన్ జిమ్, డ్రిప్పు, బండ బెంచీలు – ఆరేళ్ల వాడకం తర్వాత

లేఅవుట్‌లో వదిలిన పది శాతం ఖాళీ జాగాలో వెలసిన పార్కు ఇది. ఎకరాకు కాస్త తక్కువ. ఆస్తి నగరపాలక సంస్థది. రోజువారీ చూసుకునేది కాలనీ సంఘం, ఒక తోటమాలి, ఆదివారం వచ్చే వాలంటీర్లు. ఆరేళ్లలో ఏ సామాను నిలిచింది, ఏది చెడింది, ఎందుకు చెడింది, ఎలా బాగుచేసుకోవాలి అన్నది కొత్తగా పార్కు పెట్టుకునే కాలనీలకు పనికొస్తుందని రాస్తున్నాం. కడపలో, కర్నూలులో ఉన్నవాళ్లకూ ఎండా దుమ్మూ మాకున్నట్టే కాబట్టి ఇందులో చాలా భాగం అక్కడా వర్తిస్తుంది.

ముందు ఓపెన్ జిమ్. అందరూ అడిగేది దాని గురించే. ఎనిమిది పరికరాలు: ఎయిర్ వాకర్, క్రాస్ ట్రైనర్, లెగ్ ప్రెస్, చెస్ట్ ప్రెస్, షోల్డర్ వీల్, ట్విస్టర్, రోవర్, సిటప్ బెంచీ. వీటిలో గాల్లో నడిచినట్టు కాళ్లు ఆడించే ఎయిర్ వాకర్ అన్నిటికన్నా ఎక్కువ తిరుగుతుంది, అన్నిటికన్నా ముందు చెడుతుంది. కాలు ఆడే ప్రతి కడ్డీకి పైన ఒక గొట్టం, దానిలో రెండు బేరింగులు. మా దాంట్లో ఉన్నవి 6205 నంబరువి: లోపలి వ్యాసం 25 మి.మీ., బయటి వ్యాసం 52, మందం 15. కంపెనీ బిగించి పంపినవి జెడ్‌జెడ్ రకం, అంటే రెండు పక్కలా రేకు మూత ఉండేవి. మా ఊరికి అవి సరిపోవు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలి ఎలాంటిదో రామగిరి గాలిమరలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ గాలికి లేచే సన్నటి ఎర్రదుమ్ము రేకు మూత సందులోంచి లోపలికి పోయి గ్రీజును ముద్ద చేస్తుంది. రబ్బరు మూత ఉండే 2ఆర్‌ఎస్ రకం వేశాక మార్చాల్సిన గడువు దాదాపు రెట్టింపైంది. రెండిటి ధరలో తేడా స్వల్పం. మోటారు రిపేరు చేసే ఏ వీధిలోనైనా దొరుకుతాయి. కొనేముందు కంపెనీవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: లోపల ఏ నంబరు బేరింగు వేశారు? నంబరు చెప్పలేని పరికరం, లేదా బేరింగు బదులు సొంత కొలతల నైలాన్ బుష్ (చిన్న గొట్టం ముక్క) వేసిన పరికరం కొనొద్దు. అది అరిగిన రోజు విడిభాగం కోసం నెలల తరబడి ఫోన్లు చేయాల్సి వస్తుంది.

బేరింగు ఒక్కసారిగా పోదు. ముందు కిర్రుమంటుంది. తర్వాత కడ్డీ పక్కలకు ఊగుతుంది. అప్పుడూ పట్టించుకోకపోతే బేరింగు కూర్చునే గొట్టమే లోపల అరిగిపోతుంది. ఆ దశకు వస్తే కొత్త బేరింగు వదులుగా తిరుగుతుంది. ఇక లేత్ షాపుకు తీసుకెళ్లి లోపల స్లీవ్ (సన్నటి ఇనుప తొడుగు) వేయించాల్సిందే. కిర్రుమన్నప్పుడే మారిస్తే ఇద్దరు మనుషులకు గంట పని. పాదం పెట్టే పలక కింద చెక్క దిమ్మ పెట్టి బరువు ఆపాలి. చివరి మూత తీసి, నట్టు విప్పి, సర్‌క్లిప్ ప్లయర్‌తో బేరింగును పట్టి ఉంచే రింగు తీయాలి. పాత బేరింగు బయటికి కొట్టాక గొట్టం లోపల కిరోసిన్ గుడ్డతో తుడవాలి. కొత్తది ఎక్కించేటప్పుడు సుత్తి దెబ్బ బయటి రింగు మీదే పడాలి. బయటి రింగంత వ్యాసమున్న పైపు ముక్క ఆనించి కొడితే సరిపోతుంది. లోపలి రింగు మీద కొట్టారంటే గోళీలు నడిచే దారి నొక్కుకుపోయి, కొత్త బేరింగు కూడా నెలలోపే అరవడం మొదలుపెడుతుంది.

రెండో బలహీనత రబ్బరు స్టాపర్లు. ఊపు చివర కడ్డీ వెళ్లి తగిలే చోట ఉండే చిన్న రబ్బరు దిమ్మలివి. ఎండకు రెండేళ్లలో బీటలు వారి రాలిపోతాయి. అవి రాలిన రోజు నుంచి ఇనుముకు ఇనుము తగులుతుంది. ఆ దెబ్బలు నేరుగా పాదం పలక వెల్డింగు మీద పడతాయి. వెల్డింగు పగులు కంటికి తేలిగ్గా ఆనదు. దాని వెంట తుప్పు గోధుమరంగు గీతలా కనిపిస్తుంది. నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, ఆ గీత ఉందా లేదా అని చూడటమే తనిఖీ. కనిపిస్తే ఆ పరికరాన్ని గొలుసుతో కట్టేయాలి, వెల్డరు వచ్చేదాకా ఎవరినీ ఎక్కనీయొద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. దాని మీద ఎక్కేవాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ.

పునాది గురించి కూడా చెప్పాలి. రెండడుగుల గుంత, 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు, నాలుగు 16 మి.మీ. బోల్టులు. ఇంతవరకు అందరూ సరిగానే వేస్తారు. తప్పు జరిగేది పైభాగంలో. కాంక్రీటు నేలకన్నా కనీసం రెండంగుళాలు ఎత్తుండి నాలుగు వైపులా వాలుగా ఉండాలి. ఇక్కడ రెండు పరికరాలకు దాన్ని గడ్డి మట్టానికి సమంగా వదిలేశారు. గడ్డికి పెట్టిన నీళ్లు పరికరం అడుగు ప్లేటు చుట్టూ నిలిచి, పైన రంగు నిగనిగలాడుతుండగానే కింద ప్లేటును తుప్పు తినేసింది. నాలుగో ఏడు వాటిని పీకి మళ్లీ వేయాల్సి వచ్చింది. నట్లు ఎత్తుకుపోకుండా రెండో నట్టు వేసి చిన్న వెల్డింగు చుక్క పెట్టించండి. పునాది బోల్టులకు మాత్రమే. బేరింగు వైపు నట్లకు పెడితే తర్వాత విప్పలేరు.

ఎనిమిదికి డబ్బులుంటే ఐదే కొనమని మా సలహా. లెగ్ ప్రెస్, చెస్ట్ ప్రెస్, షోల్డర్ వీల్, క్రాస్ ట్రైనర్, ఒక ఎయిర్ వాకర్. ట్విస్టర్‌ను జనం వేగంగా తిప్పుతారు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. రోవర్ (తెడ్డు వేసినట్టు లాగేది) ఇనుప కీళ్లు త్వరగా అరుగుతాయి. మిగిలిన డబ్బు బేరింగులకు, స్టాపర్లకు, రంగుకు విడిగా పెట్టుకోవాలి. చెట్టుకు పడమర పక్కన సాయంత్రపు ఎండ నేరుగా తగులుతుంది, పరికరాలు అక్కడ పెట్టకండి. ఏప్రిల్‌లో ఐదింటికి కూడా ఆ ఇనుము చెయ్యి పెట్టనివ్వదు. చేతి పట్టుకు ఫోమ్ వద్దు, ఒక్క ఎండాకాలంలో పొట్టులా రాలుతుంది. గట్టి రబ్బరు పట్టు వేయించండి.

ఇక నీళ్లు. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూ. పచ్చిక పరిచే ముందు ఈ లెక్క వేసుకోవాలి: మే నెలలో చదరపు మీటరు పచ్చికకు రోజుకు ఐదారు లీటర్లు కావాలి. వెయ్యి చదరపు మీటర్లు పరిస్తే రోజుకో 5,000 లీటర్ల ట్యాంకరు దాని ఒక్కదానికే. మొదట వేసిన కొరియన్ గడ్డిలో పిల్లల ఆటస్థలం పక్కన కొంత మాత్రమే ఉంచి, తక్కినదంతా తీసేశాం. కొన్నిచోట్ల గరిక వదిలేశాం. అది ఎండాకాలంలో పసుపుపచ్చగా మారినా ఒక్క వానకు లేస్తుంది. గడ్డి పోయిందని బాధపడినవాళ్లు ఉన్నారు. ఆ నీళ్లు చెట్లకు మళ్లాకే పార్కులో నీడ పెరిగింది.

చెట్లకు డ్రిప్పు. ఆరేళ్లలో పెట్టిన ఖర్చుకు తగిన ఫలం ఇచ్చినది ఇదేనని ఖాయంగా చెప్పగలం. ఇంకో లాభం కూడా ఉంది. 2003 నుంచి సూక్ష్మసేద్యం పథకం రైతుల్లోకి వెళ్లిన జిల్లా కాబట్టి పైపులు కలిపే గ్రోమెట్లు, టేకాఫులు, జాయినర్లు, చెట్ల వరుస వెంట వేసే 16 మి.మీ. లేటరల్ పైపు, బాగుచేసే మెకానిక్కూ టౌనులోనే దొరుకుతాయి. మా కొలతలు ఇవి: చెట్టుకు గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు రెండు, మొదలుకు ఇరువైపులా అడుగున్నర దూరంలో. 120 చెట్లు ఒకేసారి పారితే గంటకు 1,920 లీటర్లు. బోరు అంత ఇవ్వదు కాబట్టి మూడు భాగాలు చేసి మూడు వాల్వులు పెట్టాం. ఎండాకాలం వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున, అంటే చెట్టుకు ప్రతిసారీ 24 లీటర్లు. రోజూ పది నిమిషాలు వదలడం కన్నా ఇది మేలు. నీళ్లు లోతుకు దిగితే వేళ్లూ లోతుకు దిగుతాయి.

ఇబ్బంది అంతా బోరు నీళ్ల గట్టితనంతో. సున్నం డ్రిప్పరు నోట్లో పొరలా పేరుకుంటుంది. వరుస మొదట్లో చెట్టు బాగుండి చివరిది ఎండుతుంటే ముందు ఫిల్టరు చూడండి. ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజీల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కేజీ దాటితే ఫిల్టరు జాలీ కడగాలి. ఇసుక వచ్చే బోరైతే జాలీకి ముందు హైడ్రోసైక్లోన్ (నీళ్లను సుడి తిప్పి ఇసుకను వేరుచేసేది) తప్పనిసరి. ఫిల్టరు బాగుండీ చుక్క పడకపోతే యాసిడ్ పెట్టాలి. పది లీటర్ల బోరు నీళ్లు బకెట్లో పట్టి, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా కలుపుతూ పీహెచ్ (ఆమ్లత చూపే) కాగితంతో 4 వచ్చేదాకా చూడాలి. ఎంత పట్టిందో ఆ నిష్పత్తిలో వెంచురీ (మందును పైపులోకి పీల్చే గొట్టం) ద్వారా లైన్లోకి పంపి, చివరి డ్రిప్పరు దాకా చేరాక మోటారు ఆపి 24 గంటలు వదలాలి. మర్నాడు పైపు చివరి మూతలు (ఎండ్ క్యాపులు) విప్పి, తెల్లటి పొట్టు పోయి తేట నీళ్లు వచ్చేదాకా మోటారు వేసి వదలాలి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు ఉండాలి. ఇది తోటమాలి, మెకానిక్ చేసే పని, వాలంటీర్లకు అప్పగించేది కాదు. ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు. ఏప్రిల్, మేలలో ఉడుతలు దప్పికకు పైపు కొరుకుతాయి. తొట్టెలో నీళ్లు పెట్టడం మొదలుపెట్టాక కొరుకుడు బాగా తగ్గింది.

బెంచీల్లో కడప బండ గెలిచింది. స్టీలు బెంచీల సీట్లు వదులయ్యాయి, ఫైబరువి ఎండకు పెళుసెక్కాయి. రెండంగుళాల మందం బండ, దిమ్మల మధ్య దూరం మూడున్నర అడుగులు మించకుండా వేసినవి చెక్కుచెదరలేదు. నాలుగున్నర అడుగుల దూరం ఇచ్చిన ఒకటి మాత్రం పిల్లలు ఎగిరితే పొర వెంట విరిగింది. నల్లబండ ఎండకు కాగుతుంది, కాబట్టి చెట్టు కిందే వేయాలి. నడక దారికి పాలిష్ బండ వద్దు, వానకు జారుతుంది. తాడిపత్రి బండ గరుకుగా ఉన్నది పరవొచ్చు. ఇంటర్‌లాక్ టైల్స్ అంచుకు కర్బు రాయి లేకపోతే కింది ఇసుక కొట్టుకుపోయి దారి కుంగుతుంది. సోలార్ దీపాల బ్యాటరీలు నిలవలేదు, వైరు లాగి ఎల్‌ఈడీ వేసుకోవడమే నయం.

పిల్లల జారుడుబల్ల ఉత్తరం వైపు దిగేలా పెట్టండి, ఎండ తక్కువ తగులుతుంది. ఊయల ముందూ వెనకా, దాని కడ్డీ ఎత్తుకు రెండింతల జాగా ఖాళీగా ఉండాలి. కింద అడుగు లోతు ఇసుక ఉండాలి. అది నెలలోనే గట్టిపడుతుంది కాబట్టి పారతో తిరగేస్తుండాలి. గొలుసు కొక్కేలు నోరు తెరుచుకుంటున్నాయా అని వారానికోసారి చూడాలి.

వాలంటీర్ల విషయంలో ఎక్కువ శ్రమ వృథా అయ్యేది మొక్కలు నాటే రోజు. పర్యావరణ దినమని జూన్ 5న ఫొటోలకు నాటిన మొక్క మా ఊళ్లో బతకడం కష్టం. పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరులో పడతాయి. ఈలోపు జూలై గాలి లేత ఆకులను మాడుస్తుంది. జూన్‌లో మనుషులు వస్తామంటే గుంతలు తీయించండి: రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. జేసీబీతో తీస్తే గోడలు నున్నగా బిగుసుకుంటాయి, గడ్డపారతో వాటిని పొడిచి వదలాలి. ఒక గంప పశువుల ఎరువు, పైమట్టి కలిపి నింపి, ఆగస్టు చివర్లో నాటాలి. వేప, కానుగ, నేరేడు నిలిచాయి. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు వేయమనేవాళ్ల మాట వినకండి. గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

ఆదివారం ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా రెండు గంటలు, పదిహేను మందికి మించకుండా పిలుస్తాం. పారలు, గడ్డపారలు, కొడవళ్లు ఎన్ని ఉన్నాయో దాన్నిబట్టే పిలవాలి. చేతిలో పనిముట్టు లేని మనిషి రెండో వారం రాడు. శనివారం సాయంత్రమే ఏ పాదు ఎవరిదో సున్నంతో గుర్తు పెట్టాలి. కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. మీ రిజిస్టరులో తేదీ, గంటలు, సంతకం సరిగా ఉంటే వాళ్ల ప్రోగ్రాం ఆఫీసరు మళ్లీ మళ్లీ పంపుతారు. చెట్టెక్కి కొమ్మలు కొట్టడం, కరెంటు పని, బోరు స్టార్టరు ముట్టుకోవడం వాలంటీర్లకు వద్దు. కొమ్మలు, దీపాలు, చెత్త ఎత్తడం వార్డు కార్యాలయంలో వసతుల కార్యదర్శికి, పారిశుధ్య కార్యదర్శికి రాసిచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. నోటిమాటగా చెబితే అది ఎవరి దగ్గరా ఉండదు.

పరీక్షల కాలంలో, మార్చి నుంచి మే దాకా, విద్యార్థులు రారు. చెట్లకు నీళ్లు ఎక్కువ కావాల్సింది సరిగ్గా అప్పుడే. అందుకే ఆ మూడు నెలలకు వాల్వు తిప్పే పని వీధుల వారీగా ముందే పంచి, ఏ రోజు ఏ ఇల్లు, ఏ వాల్వు, ఎంతసేపు అన్నది మోటారు గది తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించాం. కాగితం అంటిస్తే తడికి పోయేది. గది తాళంచెవులు మూడు, మూడు వేర్వేరు వీధుల్లో ఉంటాయి.