ఫేస్‌బుక్: పర్లాకిమిడిలో పదేళ్లు వాడాక

ఫేస్‌బుక్ తెరవగానే ఎదురయ్యే పేజీని చూసి దాని మంచిచెడ్డలు తేల్చేసేవారితో నాకు పేచీ ఉంది. పదేళ్లకు పైగా వాడుతున్నాను. అందులో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే చోటు ఆ పేజీయే. అక్కడ వచ్చేవి మనం కోరినవి కావు, మన వేలు దేనిమీద ఎంతసేపు ఆగిందో చూసి పేర్చి పెట్టినవి. అసలు సరుకు లోపల ఉంది. గ్రూపులు, వాటిలో పాత విషయాలు వెతికే వీలు, ఏది ఎవరికి కనబడాలో తేల్చే చిన్న గుర్తు. ఈ మూడూ పట్టుబడితే చాలు. మిగతావి వాటంతటవే వస్తాయి, రాకపోయినా పెద్ద నష్టం లేదు.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మా ఊరు అందులో చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. గలగలా తెలుగు మాట్లాడే కుర్రవాడు దుకాణం మీది తెలుగు బోర్డు చదవలేడు. బస్టాండు దగ్గర నాకు జిరాక్సు, స్టేషనరీ దుకాణం ఉంది. ఆధార్ నకలు కోసం వచ్చినవారు కాగితంతో పాటు ఫోను కూడా ముందుకు చాపుతారు. "బాబూ, మా అమ్మాయి ఫొటో ఊరందరికీ ఎలా కనబడిందో చూడు" అంటారు. కాబట్టి ఇక్కడ రాస్తున్నది నా ఒక్కడి వాడకం గురించి కాదు.

ఆ ఫొటో సంగతితోనే మొదలుపెడతాను. పోస్టు రాసే చోట మన పేరు కింద ఒక బుల్లి గుర్తు ఉంటుంది. భూగోళం బొమ్మ ఉంటే లోకమంతా చూడవచ్చు, ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే స్నేహితులు మాత్రమే, తాళం ఉంటే మనం ఒక్కరమే. దాన్ని నొక్కి మార్చుకోవచ్చు, ఎప్పటికీ ఒకటే ఉండేలా ఖాయం చేసుకోనూ వచ్చు. ఇంత ముఖ్యమైనది కందిగింజంత గుర్తుగా ఉండడం నాకు నచ్చదు. కళ్లజోడు పెట్టుకునేవారికి అది కనబడదు, కనబడినా నొక్కవచ్చని తోచదు.

పోయిన పెళ్లిళ్ల కాలంలో, వరసకు పిన్ని అయ్యే ఒకావిడ కూతురి నిశ్చితార్థం ఫొటోలు పట్టుకొని వచ్చింది. పుట్టింటివారంతా చూడాలి, బరంపురంలో ఉన్న ఆడపడుచు మాత్రం చూడకూడదు, ఎందుకంటే ఆవిడకు ఇంకా కబురు పెట్టలేదు. "అలాంటి ఏర్పాటు కూడా ఉంటుందా?" అని సగం నమ్మకంతో అడిగింది. ఉంది. స్నేహితులందరికీ కనబడాలి, ఫలానావారికి తప్ప అనే ఎంపికలో ఆడపడుచు పేరు మీద వేలు పెడితే సరిపోయింది. అంతా అయ్యాక పిన్ని పెళ్లికొడుకును ట్యాగు చేయబోతే, అంటే పోస్టుకు అతని పేరు తగిలించబోతే, ఆపాను. ట్యాగు చేస్తే ఆ పోస్టు అతని స్నేహితులకూ చేరే వీలుంది, వారిలో బరంపురం వాళ్లు ఎందరో మనకేం తెలుసు? ట్యాగు గురించి ఎవరూ చెప్పరు. మనల్ని ఎవరైనా ట్యాగు చేసినా, మనం సరే అన్నాకే మన ప్రొఫైల్ మీద కనబడేలా సెట్టింగులలో పెట్టుకోవచ్చు. ఊళ్లో రాజకీయ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలన్నింటికీ మన పేరు తగిలించే మిత్రులు ఉన్నవారికి ఇది వరం.

ఏళ్ల తరబడి అన్నీ భూగోళం గుర్తుతోనే పెట్టేసినవారికి ఒక మార్గం ఉంది. పాత పోస్టులన్నింటినీ ఒక్క నొక్కుతో స్నేహితులకు మాత్రమే పరిమితం చేయవచ్చు. అయితే ఒకేసారి వెనక్కు మార్చడం కుదరదు, కావాలంటే ఒక్కొక్కటీ మార్చుకోవాలి. ఇక ప్రొఫైల్‌కు తాళం వేసే సౌకర్యం మన దేశంలో 2020లో వచ్చింది. ఆడపిల్లల తల్లులు అడిగితే నేను వెంటనే చేయించేది ఇదే. పరిచయం లేనివారికి పోస్టులు కనబడవు, ముఖచిత్రం పెద్దది చేసి చూడడమూ కుదరదు.

ఇప్పుడు గ్రూపులు. నా వరకు ఫేస్‌బుక్ అంటే ఇవే. మా ఊరి పేరుతో ఉన్న ఒక గ్రూపులో ఎవరో చిన్న రైలు ఫొటో పెట్టారు. 1900లో మహారాజా వారు నౌపడ నుంచి మా ఊరికి వేయించిన నారోగేజి లైను అది, తర్వాత గుణుపురం దాకా సాగింది, ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. ఆ ఫొటో కింద వ్యాఖ్యలు ఒక రోజంతా ఆగలేదు. కొన్ని తెలుగు లిపిలో, కొన్ని ఒడియాలో, చాలామటుకు ఇంగ్లీషు అక్షరాలలో రాసిన తెలుగులో. విశాఖలో స్థిరపడిన ఒక పెద్దాయన, ఎత్తు ఎక్కేచోట బండి ఎంత నెమ్మదించేదంటే దిగి నడిచి మళ్లీ ఎక్కేవాళ్లమని రాశారు. దాన్ని ఒడియాలో ఒకరు ఖండించారు, ఇంకొకరు సమర్థించారు. ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇది జరగదు. అక్కడ మనకు తెలిసినవారే ఉంటారు, రేపటికి అది శుభోదయాల కింద కూరుకుపోతుంది. ఇక్కడ ఆ సంభాషణ ఇంకా ఉంది. గ్రూపు పైన ఉన్న భూతద్దం నొక్కి "రైలు" అని కొడితే వస్తుంది.

ఆ భూతద్దాన్ని వాడేవారు నాకు చాలా తక్కువగా తగిలారు. ఏటా ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి గారి ఫొటోతో గ్రూపు నిండిపోతుంది. ఆయన మా ఊళ్లోనే మాస్టారుగా ఉండి, సవరలతో తిరిగి వారి భాష నేర్చుకొని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. మాకు ఆ గర్వం ఉంది, కాదనను. కానీ ప్రతి ఏడూ అదే ఫొటో, అదే నమస్కారం గుర్తు. ఆయన పేరు కొట్టి వెనక్కు వెతికితే, ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు కొన్నేళ్ల కిందట రాసిన పొడవాటి వ్యాఖ్య దొరుకుతుంది, నమస్కారాలన్నీ కలిపినా దానికి సాటి రావు. అలాంటివి దొరికినప్పుడు పోస్టు మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి సేవ్ చేసుకోండి. మరో సంగతి, వ్యాఖ్యలలో మొదట ముఖ్యమైనవిగా ఫేస్‌బుక్ ఎంచినవే కనబడతాయి. అన్నీ చూపించమని మార్చుకుంటేనే మిగతావి బయటకు వస్తాయి. ఎవరైనా పోయిన వార్త కింద ఇది తప్పకుండా చేయాలి, పెద్దకర్మ ఏ రోజో ఎక్కడో వాటిలోనే ఉంటుంది.

చేరేముందు గ్రూపు ఎలాంటిదో చూసుకోండి. పబ్లిక్ అయితే మనం రాసినది ఎవరైనా చదవవచ్చు, ప్రైవేటు అయితే సభ్యులే. గ్రూపులో మన భూగోళం, తాళం గుర్తులు పనిచేయవు, గ్రూపు నియమమే మన నియమం.

తెలుగు చదవలేని మా కుర్రవాళ్ల సంగతి వేరు. కీబోర్డులో తెలుగు చేర్చి మైకు నొక్కితే వారు మాట్లాడినది తెలుగు అక్షరాలలో పడుతుంది. మొదటిసారి అలా పడ్డ తన మాటను చూసి, ఒక డిగ్రీ కుర్రవాడు అందులో తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చిక్కేమిటంటే, మైకు తప్పు విన్నా వారు పట్టుకోలేరు. అందుకని రాసినదాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో అతికించి స్పీకర్ గుర్తు నొక్కమంటాను. అది చదువుతుంది, వీరు వింటారు, తేడా ఉంటే మళ్లీ చెబుతారు. కాస్త శ్రమే, కానీ అమ్మమ్మకు పెట్టే జన్మదిన శుభాకాంక్షలలో అపార్థం రాకుండా ఉంటుంది.

తుఫాను రోజుల్లో మొదటి పేజీని అసలు నమ్మవద్దు. అది కాలక్రమంలో ఉండదు కనుక మొన్నటి హెచ్చరిక ఇవాళ్టిదాని పైన కూర్చోవచ్చు. 2022లో ఫీడ్స్ అనే విడి చోటు పెట్టారు, మెనూలోకి వెళ్లి తెరవాలి. అందులో స్నేహితులవి, గ్రూపులవి తాజావి పైన, పాతవి కింద వరసగా వస్తాయి. మా జిల్లా 2018 అక్టోబరులో తిత్లీ దెబ్బ తిన్నది, 2021 సెప్టెంబరులో గులాబ్ వచ్చింది. ఆ తర్వాత ఏ వాయుగుండం పుట్టినా తిత్లీ నాటి కూలిన చెట్లు మళ్లీ తిరుగుతాయి. ఒకరు పంచుకున్న పోస్టులో రెండు తేదీలుంటాయి, పైన పంచుకున్నవారిది, లోపల మొదట పెట్టినవారిది. లోపలిది చూడాలి. ఎవరైనా ఫొటోను దించుకొని కొత్తగా పెడితే ఈ ఉపాయం పారదు, అప్పుడు కింద "ఇది ఎక్కడ?" అని అడగడమే.

వీడియోలు వాటంతటవే ఆడకుండా సెట్టింగులలో ఆపుకోండి. రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోతోందని వచ్చేవారిలో చాలామందికి మందు ఇదే.

నకిలీ ఖాతాల గురించి చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. మన ఫొటో, పేరు ఎత్తుకొని మరో ఖాతా తెరిచి, మన చుట్టాలను డబ్బు అడిగే దొంగలు అన్ని చోట్లా ఉన్నారు. "మామయ్యా, ఆసుపత్రిలో ఉన్నాను" అన్న సందేశం తెలుగులో వచ్చినంత మాత్రాన మేనల్లుడిది కాదు, ముందు ఫోను చేసి గొంతు వినండి. ఆ నకిలీ ప్రొఫైల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, వేరొకరిలా నటిస్తున్నారని ఫిర్యాదు చేయాలి. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం, ఎవరి వేషం వేశారో వారు గానీ, వారి తరఫున మరొకరు గానీ ఫిర్యాదు ఇస్తే త్వరగా తొలగించే చర్య తీసుకోవాలి. చుట్టాలు పదిమంది విడివిడిగా చేసే ఫిర్యాదుకన్నా ఆ మనిషి పేరున చేసేది ముఖ్యం, కాబట్టి ఆ మనిషి పెద్దవారై ఓపిక లేకపోయినా వారి ఫోను నుంచే చేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఆంధ్రలో ఉన్నా ఒడిశాలో ఉన్నా నంబరు అదే. పాస్‌వర్డుతో పాటు రెండో తనిఖీ, అంటే లోపలికి వెళ్లేటప్పుడు ఒక కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోండి.

ఎవరికి పనికొస్తుందంటే, ఊరు ఒకచోట, చుట్టాలు ఒకచోట ఉండి, పాత విషయాలమీద మక్కువ ఉన్నవారికి. ఇంటి కబుర్లకే అయితే వాట్సాప్ చాలు.

విసిగిపోయి వదిలేద్దామనుకునేవారికి రెండు దారులున్నాయి. తాత్కాలికంగా ఆపితే ప్రొఫైల్ కనబడదు, మెసెంజర్ మాత్రం పనిచేస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి రావచ్చు. పూర్తిగా తొలగించమంటే 30 రోజుల గడువు ఉంటుంది, ఈలోగా లోపలికి వెళ్లి రద్దు చేసుకోవచ్చు, దాటితే లేదు. తొలగించేముందు మన ఫొటోలన్నీ దించుకునే వీలు సెట్టింగులలోనే ఉంది. నా దగ్గరికి వచ్చినవారికి మొదటి దారే చూపిస్తాను. ఎన్నికల వేళ తగాదా పడి ఆపించుకున్నవారు సంక్రాంతి ఫొటోల వేళకు పాస్‌వర్డు మరిచిపోయి మళ్లీ వస్తారు. దానికి మాత్రం పది రూపాయలు తీసుకుంటాను.